తువ్వాల చాటు తీగలు

తిరుమలగిరిలో నా దుకాణం షట్టరు సగం ఎత్తానో లేదో, మా ఊరి పాల కేంద్రం అధ్యక్షుడు ఫోన్ చేశాడు. వరసకు నాకు పెద్దబాపు అవుతాడు.

"సైదమ్మా, సిస్టమ్ సారు పోయిండు. గుండె ఆగిందట. వచ్చే ఆదివారం మన కేంద్రం కాడ సంతాప సభ పెడుతున్నం. నువ్వు గూడ వచ్చి రెండు మాటలు మాట్లాడాలె బిడ్డా."

నేను రానంటాననుకున్నాడేమో, బతిమాలడానికి గొంతు సవరించుకున్నాడు. ఆ కష్టం ఆయనకు పెట్టలేదు.

"వస్త పెద్దబాపూ. తప్పకుండ మాట్లాడుత."

ఆ రెండు మాటలు నా దగ్గర ఎప్పటినుంచో తయారుగా ఉన్నాయి. నిజానికి అవి నేను చెప్పాల్సినవి కావు. సిస్టమ్ సారు నోటితో, పాల కేంద్రం ముందు, అందరూ వింటుండగా రావాల్సినవి. 'పోర్టు కాల్చింది ఈ పిల్ల కాదు, నేనే' అని. ఆయన ఆ మాట చెప్పకుండానే జారుకున్నాడు. పోయినవాళ్ళ గురించి చెడ్డగా మాట్లాడకూడదంటారు. ఎందుకు మాట్లాడకూడదో నాకు ఇంతవరకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఆయన బతికున్నన్నాళ్ళూ 'పెద్దమనిషిని పట్టుకొని అట్లంటవా' అని నా నోరు మూశారు. ఇప్పుడేమో పోయాడు కాబట్టి అనకూడదు. మరి ఎప్పుడు అనాలట?

సిస్టమ్ సారుకు ఒక పేరుండేది గానీ ఎవరూ దాన్ని వాడిన పాపాన పోలేదు. మా చుట్టుపక్కల ఏ ఊళ్ళో పాల కేంద్రానికి కంప్యూటర్ వచ్చినా, దాన్ని బిగించేది ఆయనే. తిరుమలగిరి అంగడి వెనక సందులో కిరాయి గదిలో ఒంటరిగా ఉండేవాడు. పొట్టి మనిషి. ఇస్త్రీ చొక్కా, ఎండాకాలంలో కూడా బూట్లు, భుజాన నీలం గళ్ళ తువ్వాల. స్క్రూడ్రైవర్‌ను సంచిలో పెట్టుకోడు. ఎడమకాలి సాక్సులో దోపుకునేవాడు. పని మొదలుపెట్టేముందు ప్యాంటు కాలు పైకి లాగి, అందరూ చూశారని నమ్మకం కుదిరాక, దాన్ని బయటికి తీసేవాడు.

పిలిస్తే వెంటనే వచ్చేవాడు కాదు. "పిలవంగనే ఉరికితే ఇజ్జత్ ఏముంటది?" అని టీ హోటల్లో బాహాటంగానే అనేవాడు. ఒకటి రెండు పూటలు ఊరంతా పాల క్యాన్లు పట్టుకొని తన్లాడాక తీరిగ్గా బస్సు దిగేవాడు. దిగగానే కేంద్రంలోకి నడుచుకుంటూ వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా ఒకటే మాట.

"జర అందరు బయటికి పొండి. మిషన్‌కు గాలాడాలె."

అధ్యక్షుడైనా సరే బయటికే. ఆపరేటర్ అయినా సరే బయటికే. అందరం బయటపడ్డాక, తువ్వాల తీసి ఒక కొస కంప్యూటర్ మీద, ఇంకో కొస గోడకున్న మేకుకు తగిలించేవాడు. ఆ తువ్వాల చాటున తల దూర్చి, పాతకాలపు ఫోటోగ్రాఫర్‌లా వంగి, వెనక తీగలతో ఏదో చేసేవాడు. మాకు కనిపించేది ఆయన నడుము కింది భాగం, వినిపించేది ఆయన గొణుగుడు. "మాట్లాడు బిడ్డా, మాట్లాడు." మోడెమ్ మీద పచ్చలైటు మిణుకుమనగానే తల బయటికి తీసి, అదే తువ్వాలతో మొహం తుడుచుకొని టీ అడిగేవాడు. సాసర్లో పోసుకొని ఊదుకుంటూ తాగేవాడు. ఏమైంది సారూ అని అడిగితే చాలు, కనుబొమ్మలు ఎగరేసేవాడు.

"చెప్తే నీకు సమజైతదా? మిషన్ మొఖం ముందట ఉండది, ఎనుక ఉంటది. గంత వరకు యాద్వెట్టుకో."

ఈ మాటను ఆయన ఏదో వేదవాక్కులా అనేవాడు. మేళ్లచెరువు దిక్కు సిమెంటు లారీల కాంటాలకు కంప్యూటర్లు బిగించిన రోజుల నుంచీ అంటున్నాడట. నాకైతే మొదట్లో నిజంగానే గొప్పగా అనిపించింది. చెప్పడానికి సిగ్గేముంది, ఆయన్ను చూసి నేర్చుకోవాలని నాకు తెగ ఆశగా ఉండేది.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను మా ఊరి పాల కేంద్రంలో ఆపరేటర్‌గా చేరాను. మాది గొర్లు, బర్లు మేపుకునే ఇల్లు. బాపు నాలుగు బర్ల పాలు అదే కేంద్రంలో పోసేవాడు. ఆయన బిడ్డ కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చోవడం మా ఇంటికి చిన్న సంగతి కాదు. పాలు తెస్తే కాస్త తీసి పరీక్ష మిషన్‌లో పోస్తాం. అది వెన్న ఎంతుందో లెక్కగట్టి, వెనక ఉన్న తీగ ద్వారా కంప్యూటర్‌కు చెప్తుంది. అంతవరకు బాగానే ఉండేది. కానీ నేను తెర మీద చూసి చెప్పిన అంకెను జనం నమ్మేవాళ్ళు కాదు. "మా వెన్న ఎవలు తిన్నరు?" అని రోజూ గొడవ.

ఆ గొడవను తీర్చడానికే సిస్టమ్ సారు మోడెమ్ తెచ్చాడు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద ఇనుప పెట్టె, లోపల ఫోన్‌కు వేసే సిమ్ము, పక్కన చిన్న ఏరియల్. దాన్ని కేబుల్‌తో కంప్యూటర్ వెనకున్న పోర్టుకు తగిలిస్తే, పాలు పోసిన మనిషి ఫోన్‌కు మెసేజ్ పోతుంది. "ఇది మామూలు మోడెమ్ గాదు, హైస్పీడు" అని సారు దాన్ని అరచేతిలో పెట్టుకొని అందరికీ చూపించాడు. హైస్పీడే. కానీ మా కంప్యూటర్ ముసలిది. రెండూ ఒకే వేగంతో మాట్లాడుకుంటేనే పని. మోడెమ్ గబగబా వాగుతుంటే పాత పోర్టు అందుకోలేక అక్షరాలు మింగేసేది, తెర మీద పిచ్చి గీతలు వచ్చేవి. తువ్వాల చాటున పొద్దంతా కుస్తీ పట్టి సారు వేగం తగ్గించాడు. ఇదంతా తర్వాత నేను చదువుకొని తెలుసుకున్నది. ఆ రోజు మాకు కనిపించింది పచ్చలైటు ఒక్కటే.

ఆ మెసేజ్ మా ఊరిని మార్చేసింది. పాలు పోసి వాకిట్లోకి అడుగు పెట్టేలోగా ఫోన్ కుయ్‌మనాలి. చదువురాని ముసలమ్మలు కూడా ఆ చప్పుడు విని తృప్తిగా తలూపేవాళ్ళు. నన్ను అనుమానంగా చూసిన కళ్ళే నన్ను పలకరించడం మొదలుపెట్టాయి. "సైదమ్మ చేతిల కాంటా మంచిగున్నది" అన్నారు. బాపు ఆ మాట ఎక్కడెక్కడ విన్నాడో ఇంటికొచ్చి వరసగా చెప్పేవాడు.

అంతలో దసరా వచ్చింది. మా దగ్గర దసరాకు ఆయుధ పూజ లేని ఇల్లుండదు. కత్తి, కొడవలి, ట్రాక్టరు, గొర్ల బొచ్చు కత్తిరించే కత్తెర, అన్నిటికీ బొట్టు పెడతారు. పాల కేంద్రంలో కంప్యూటర్‌కు పూజ చేయడానికి సారు తానే వచ్చాడు. పసుపును నీళ్ళతో కలిపించి, కుంకుమ పళ్ళెం అందుకొని, నేను తెర మీద బొట్టు పెట్టబోతే నా చెయ్యి ఆపాడు.

"ముందట ఎందుకు పెడ్తున్నవ్? మొఖం ఎనుక ఉంటదని చెప్పలేదా?"

మమ్మల్ని గడప బయటికి పంపి తువ్వాల కట్టాడు. నేను పక్క కిటికీ దగ్గర నిలబడ్డాను, అక్కడినుంచి తువ్వాల వెనక జరిగేది కనిపిస్తుంది. ఆయన మోడెమ్ కేబుల్ ఊడబీకాడు. పోర్టుకున్న సన్నటి ఇనుప సూదుల మీద తడి పసుపు పూసి, దాని మీద కుంకుమ అద్ది, కళ్ళకద్దుకొని, మళ్ళీ కేబుల్ బిగించాడు. దేవుడి మూతికి నైవేద్యం పెట్టినంత భక్తిగా చేశాడు. ఆ మనిషికి తీగలన్నీ తెలుసు, తడి సంగతి తెలియదా? తెలుసు. అయినా చేశాడు. చెయ్యకపోతే మిషన్‌కు కోపమొస్తుందని ఆయన నమ్మకం.

పండుగ దాటిందో లేదో మెసేజ్‌లు ఆగిపోయాయి. సారు తన అలవాటు ప్రకారం ఆలస్యంగానే దిగాడు. అప్పటికి ఊరంతా నా మీద పడి ఉంది. పొద్దుటి పాల వేళ, క్యాన్లతో జనం గుమ్మం నిండా, కిటికీ నిండా ఉన్నారు. అందరికంటే ముందు బాపు, పక్కన ఊరి పెద్ద మల్లయ్య తాత. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. సారు కేబుల్ పీకాడు. పోర్టు నిండా పచ్చగా, ఎర్రగా గడ్డకట్టి ఉంది. ఆయన ఆ కేబుల్ మూతిని ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశాడు. తువ్వాల కొసతో ఆ ఎరుపునంతా గబగబా తుడిచాడు. తుడిచి, తువ్వాలను ఆ మరక లోపలికి పోయేలా మడిచి భుజాన వేసుకున్నాడు.

"సారూ, కుంకుమ..." అన్నాను.

ఆయన నా వైపు తిరగలేదు. గుమ్మం వైపు తిరిగాడు.

"కరెంటు ఉన్నప్పుడు కేబుల్ పీకింది ఈ పిల్ల. పోర్టు కాలిపోయింది. మిషన్‌ను ఆడపిల్లకు అప్పజెప్తే గిట్లనే ఉంటది."

బాపు వైపు చూశాను. బాపు తల వంచి పాల క్యాను మూత బిగిస్తున్నాడు. మూత అప్పటికే బిగిసే ఉంది. అయినా తిప్పుతూనే ఉన్నాడు. బిడ్డకు జరిగిన అవమానం చూడలేక తల వంచుకున్నాడనుకున్నాను. ఎన్నో ఏళ్ళు అట్లాగే అనుకున్నాను.

ఆ పూటే నన్ను కుర్చీలోంచి లేపారు. అప్పటినుంచి ఊళ్ళో నా పేరు పోర్టు కాల్చిన సైదమ్మ. పెళ్ళిలో కనిపించినా అదే, బావి దగ్గర కనిపించినా అదే. ఒక సంబంధం వాళ్ళు వచ్చి చూసి, పొలిమేర దాటేలోగా ఆ కథ విని, మళ్ళీ మా ఇంటి దిక్కు రాలేదు. ఆ సంబంధం పోయినందుకు నాకు దిగులేమీ లేదు. నేను చెయ్యని పని నా పేరుకు ముందు అతికి ఉండటమే నాకు నిద్ర పట్టనివ్వలేదు. కోపంతో పళ్ళు కొరికీ కొరికీ దవడలు నొప్పి పుట్టేవి.

సారు వేరే కంప్యూటర్ తెచ్చి బిగించాక, చెడిపోయిన ఆ కంప్యూటర్‌ను, దాని కేబుల్‌ను కేంద్రం వాళ్ళు పాత సామాన్ల బండికి వేశారు. ఆ బండి మా వాకిటి ముందు నుంచే పోయింది. పగిలిన బకెట్ ఒకటి ఇచ్చి నేను ఆ కేబుల్ తీసుకున్నాను. దాన్ని పట్టుకొని సూర్యాపేటలో కంప్యూటర్లు బాగుచేసే ఒక దుకాణంలో పనికి చేరాను. అక్కడ చేసిన మొదటి పని, ఆ కేబుల్ మూతిని చీల్చడం. సారు దాన్ని నల్లటి లప్పంతో పూడ్చేశాడు. బ్లేడుతో గీకి గీకి తెరిస్తే లోపల సంగతి బయటపడింది. మాట్లాడే తీగ ఉండాల్సిన చోట వినే తీగ, వినే తీగ ఉండాల్సిన చోట మాట్లాడే తీగ. మోడెమ్ పెట్టె లోపల కూడా అట్లాగే తారుమారు చేసేవాడని తర్వాత చూశాను. తప్పుకు తప్పు జతపడితే పని నడుస్తుంది. బజార్లో కొన్న మంచి కేబుల్ పెడితే మాత్రం మోడెమ్ మూగబోతుంది. అందుకే ఏ ఊరికి ఏ కష్టం వచ్చినా సారు కేబులే కావాలి, సారే రావాలి.

మొదట నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళంతా మండింది. ఇంతేనా నీ విద్య అనుకున్నాను. ఇంతదానికా తువ్వాల?

పని బాగా చేతికొచ్చాక తిరుమలగిరిలో, కావాలనే, ఆయన సందుకు ఎదురుగా దుకాణం పెట్టాను. ఆయన ఆలస్యం చేసే అలవాటే నాకు దారి చూపించింది. పక్క ఊరి కేంద్రంలో మోడెమ్ మొరాయించి, సారు ఇజ్జత్ కోసం ఆగి ఉండగా, నేను పిలవకుండానే పోయాను. అందరినీ లోపలికి పిలిచాను. ముసలివాళ్ళను ముందు కూర్చోబెట్టాను. కంప్యూటర్‌ను వాళ్ళ వైపు వీపు తిప్పి పెట్టి, మోడెమ్ పెట్టె మూత విప్పి, "ఇది మాట్లాడే తీగ, ఇది వినే తీగ. సారు వీటిని ఉల్టా పెట్టిండు, మీరు ఆయన చేతిల ఉండాలని" అని విప్పి చెప్పాను. తీగలు సరిచేసి, బజారు కేబుల్ తగిలించాను. పచ్చలైటు వెలిగింది. అప్పుడు ఎర్రమట్టి జాజు కలిపించి, కంప్యూటర్ వెనక గోడ మీద పెద్ద బొమ్మ వేశాను. ఏ తీగ ఎక్కడ, వేగం ఎంత పెట్టాలి, లైటు ఆరితే ముందు ఏం చూడాలి, అన్నీ. ఆ బొమ్మ చూసి ఎవరైనా బాగుచేసుకోవచ్చు. నన్ను కూడా మళ్ళీ పిలవనక్కర్లేదు.

"గట్ల చేస్తే నీ దుకాణం ఎట్ల నడుస్తది బిడ్డా?" అని అక్కడి ముసలాయన అడిగాడు.

"నాది నడవకున్నా మంచిదే తాతా. ఆయనది ఆగాలె."

అట్లా ఊరూరా తిరిగాను. ఎక్కడెక్కడ ఆయన తువ్వాల కట్టాడో అక్కడల్లా నా జాజు బొమ్మ వెలిసింది. మా ఊరి కేంద్రాన్ని చివరికి ఉంచుకున్నాను. వాళ్ళే కబురు పంపారు. పోయాను, బాగుచేశాను, అందరికంటే పెద్ద బొమ్మ మా ఊరి గోడ మీదే వేశాను. టీ ఇచ్చారు. అధ్యక్షుడు బాగుందన్నాడు. పాత సంగతి ఎవరైనా ఎత్తుతారేమోనని గ్లాసు ఖాళీ అయ్యాక కూడా కూర్చున్నాను. ఎవరూ ఎత్తలేదు. వాకిట్లోకి వచ్చేసరికి ఎవరో పిల్లలకు నన్ను చూపిస్తున్నారు. "అగో, పోర్టు కాల్చిన సైదమ్మ." అప్పుడే అర్థమైంది, ఎంత పనితనం చూపించినా ఆ మచ్చ పోదని. ఆయన నోటితో వస్తేనే పోతుంది.

మర్నాడు సారు ఆ బొమ్మ చూడటానికి వచ్చాడని, తర్వాత నా దుకాణం ముందు ఆగినప్పుడు ఆయనే చెప్పాడు.

"బొమ్మ మంచిగ ఏసినవ్" అన్నాడు. వెంటనే, "ఇగ నన్నెవలు పిలుస్తరు?" అన్నాడు.

"ఎవలు పిలువద్దనే ఏసిన."

ఆయన తువ్వాల ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకొని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన్ను ఎక్కువగా టీ హోటల్లోనే చూశాను. ఇస్త్రీ చొక్కా అట్లాగే ఉండేది. సాక్సులో స్క్రూడ్రైవర్ కూడా ఉండేది. ఫోన్‌ను బల్ల మీద మొహం పైకి పెట్టుకొని కూర్చునేవాడు. అది మోగేది కాదు. నా దుకాణంలోంచి ఆ బల్ల బాగా కనిపించేది. నేను నా కుర్చీని కూడా అటు తిప్పి వేసుకున్నాను. జాలి పడ్డానని చెప్తే అబద్ధం. కడుపు చల్లబడింది.

పోయిన దసరా సాయంత్రం ఆయన నా దుకాణానికి వచ్చాడు. మా దగ్గర దసరా నాడు జమ్మి ఆకును బంగారమని చేతిలో పెడితే, ఎంతటి పగవాడైనా తీసుకోవాలి. ఏడాది పొడుగునా మాట్లాడుకోని అన్నదమ్ములు కూడా ఆ పూట జమ్మి పెట్టుకొని కౌగిలించుకొని అలాయ్ బలాయ్ తీసుకుంటారు. ఆయన చేతిలో జమ్మి రెమ్మ ఉంది. చెయ్యి చాపాడు. నేను చెయ్యి చాపలేదు. బాపు కూడా ఆ పూట దుకాణంలోనే, నా పక్కన బల్ల మీద కూర్చొని ఉన్నాడు.

"తీస్కో బిడ్డా. దేవుని ఆకు, వద్దనొద్దు" అన్నాడు బాపు.

"ఒక్క మాట చెప్తే తీస్కుంట సారూ. పోర్టు కాల్చింది ఎవలు?"

ఆయన నేల చూశాడు. "నీకు తెలుసు గదా."

"నాకు తెలిస్తే ఏం లాభం? పాల కేంద్రం ముందట, అందరు ఇనేటట్టు చెప్పాలె."

"గింత వయసుల ఇజ్జత్ తీస్తవా సైదమ్మా?"

"నాకు ఉన్న ఇజ్జత్ నువ్వు తీసినప్పుడు నా వయసెంత?"

ఆయన బాపు వైపు చూశాడు. ఆ చూపు నాకు గుర్తుంది. ఏదో సాయం అడుగుతున్నట్టు, ఇద్దరికీ తెలిసిన సంగతేదో ఉన్నట్టు చూశాడు. బాపు లేచి, షట్టరు దగ్గరికి పోయి చెప్పులు తొడుక్కున్నాడు. సారు జమ్మి రెమ్మను చొక్కా జేబులో వేసుకొని సందులోకి వెళ్ళిపోయాడు. చెప్పకపోనీ, ఎన్నాళ్ళు చెప్పడో చూస్తా అనుకున్నాను. అంతలోనే పోయాడు.

సభ నాడు కేంద్రం ముందు షామియానా వేశారు. బల్ల మీద ఆయన పటం, పటానికి బంతిపూల దండ, పటం ముందు ఆయన స్క్రూడ్రైవర్, నీలం గళ్ళ తువ్వాల మడతపెట్టి ఉంచారు. అధ్యక్షుడు మాట్లాడాడు. చుట్టుపక్కల కేంద్రాల వాళ్ళు మాట్లాడారు. చేతిలో విద్య ఉన్న మనిషన్నారు, మిషన్‌తో మాట్లాడే మనిషన్నారు. నా వంతు వచ్చింది. నేను మైకు పట్టుకొని పటం వైపు కాక జనం వైపు తిరిగాను.

"దసరా నాడు తడి పసుపు, కుంకుమ పోర్టుల పెట్టింది సారే. పోర్టు కాల్చింది సారే. తువ్వాలతోని తుడిచి, నా మీద ఏసిండు. గీ మాట ఆయన నోటితోని చెప్పియ్యాలని ఇన్నేండ్లు సూసిన. చెప్పకుంటనే పోయిండు. గందుకే నేను చెప్తున్న. పోర్టు కాల్చింది నేను గాదు."

గోల లేస్తుందనుకున్నాను. ఎవరో ఒకరు లేచి తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. ముందు వరసలోంచి మల్లయ్య తాత, కూర్చున్నచోటి నుంచే, నింపాదిగా అన్నాడు.

"కూసో బిడ్డా. గా సంగతి మాకందరికి అప్పుడే ఎరుకే."

నాకు సరిగ్గా వినపడలేదనుకున్నాను.

"ఏం ఎరుక తాతా?"

"తువ్వాలకు కుంకుమ అంటింది మేం జూడలేదా? కిటికీ కాడ నీ ఎనుకనే ఉంటిమి గదా."

"మరి ఎందుకు అనలేదు?"

"అంటే ఆయనకు కోపమొచ్చి పోతడు. మల్ల పోర్టు ఎవలు బాగు జేస్తరు, మెసేజులు ఎట్లొస్తయ్? మిషన్ ఆయన చేతిల ఉండె. నువ్వా, మన పిల్లవు. ఓర్సుకుంటవ్ అనుకున్నం."

అందరూ తలూపారు. తప్పు చేసినట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టే తలూపారు. నేను బాపు కోసం వెతికాను. మూడో వరసలో ఉన్నాడు. తల వంచుకొని, ఒక అరచేతిని ఇంకో అరచేత్తో తిప్పుతున్నాడు. చేతిలో క్యాను లేదు, మూత లేదు. ఆ తిప్పుడు మాత్రం అదే.

నేను మైకు బల్ల మీద పెట్టాను. పటం ముందున్న తువ్వాల తీసి నా సంచిలో వేసుకున్నాను. ఎవరూ అడ్డం చెప్పలేదు.

ఇంటికొచ్చాక బాపును ఒక్కటే అడిగాను. "నీకు గూడ ఎరుకేనా?"

"బర్లు ఉన్నయ్ బిడ్డా. పాలు ఆడనే పొయ్యాలె గదా" అన్నాడు.

నేను తప్పు మనిషి మీద పగబట్టానా అని కొన్నాళ్ళు ఆలోచించాను. లేదు. ఆయన మీద పగ న్యాయమైనదే, దాన్ని వెనక్కి తీసుకోను. కాకపోతే అది సరిపోలేదు. ఆయన తువ్వాల చాటు చేసింది తీగలను మాత్రమే అనుకున్నాను. ఆ చాటున ఊరంతా దాక్కుంది, మా బాపుతో సహా. ఎవరి చేతిలో మిషన్ ఉంటే వాళ్ళ అబద్ధం నడుస్తుందని ఆ మనిషికి నాకంటే ముందే తెలుసు. ఆ ఒక్క విద్య మాత్రం ఆయన ఏ లప్పంతోనూ పూడ్చలేదు. నేనే చూడలేదు.

మొన్న మా ఊరి కేంద్రానికి కొత్త కంప్యూటర్ వచ్చింది. దాని వెనక పాత మోడెమ్‌కు సరిపోయే పోర్టే లేదు. మధ్యలో ఒక చిన్న ముక్క పెట్టి కలపాలి, వేగం మళ్ళీ కుదర్చాలి. గోడ మీది బొమ్మ చూసి ఎంత కొట్టుకున్నా వాళ్ళకు కుదరలేదు. అధ్యక్షుడు ఫోన్ చేశాడు. వస్తానన్నాను. వెంటనే పోలేదు. రెండు పూటలు ఆగి పోయాను.

క్యాన్లు పట్టుకొని జనం గుమ్మం నిండా ఉన్నారు. నన్ను చూడగానే దారి ఇచ్చారు. "సైదమ్మ వచ్చింది, ఇగ ఫికర్ లేదు" అన్నారు. పేరుకు ముందు ఏమీ తగిలించలేదు. నేను ముందు సున్నం బకెట్టు, కుంచె అడిగాను. గోడ మీది జాజు బొమ్మను పైనుంచి కింది దాకా తెల్లగా కొట్టేశాను.

"అది ఎందుకు తుడుస్తున్నవ్ బిడ్డా?" అన్నాడు మల్లయ్య తాత.

"పాతది తాతా. ఇగ పనికిరాదు."

కుంచె పక్కన పెట్టి చేతులు కడుక్కున్నాను. సంచిలోంచి నీలం గళ్ళ తువ్వాల తీసి దులిపాను. మేకు ఇంకా గోడకు అట్లాగే ఉంది.

"జర అందరు బయటికి పొండి. మిషన్‌కు గాలాడాలె."

అధ్యక్షుడు ముందు నడిచాడు. మల్లయ్య తాత కర్ర పట్టుకొని గడప దాటాడు. బాపు గడప మీద ఆగి వెనక్కి తిరిగాడు.

"నేను గూడనా బిడ్డా?"

"నువ్వు గూడ బాపూ."

తలుపు మూసి, తువ్వాల కట్టాను.